మా యారాలికి

దుగ్గొండి బడిల ఐదో తరగతి గది.
నల్లబోర్డు మీద శుక్రవారం నాటి భాగహారం
శేషం తేలకుండ అట్లనే ఉన్నది.
దాని ముందు రెండు చీరలు అడ్డం కట్టి
ట్రస్టోళ్లు ఆస్పత్రి చేసిండ్రు.

నాది రిజిస్టరు పని.
పేరు, ఊరు, వయసు, బాధ.
మూడు గడులు చకచకా నిండుతయి
(వయసు మాత్రం మిర్చి రేటు లెక్క,
అడిగినోళ్లను బట్టి మారుతది).
నాలుగో గడి కాడ పెన్ను ఆగుతది.

“నాకేం లేదు బిడ్డా, మా యారాలికి.
కూసుంటే ఏదో జారినట్టు ఉంటదట.”
ఆమె వెనక నిలబడ్డామె:
“నాకు గాదు, మా యారాలికే.
దగ్గితే చీర తడుస్తదట.”
పొద్దటి సంది పదకొండు మంది.
ఏ ఊరి యారాలో గాని
పాపం, ఒక్కతే మోస్తున్నది
ఇంతమంది రోగం.

మొదటిసారి నేను అట్లనే రాసిన:
యారాలికి. ఆమె రాలేదు.
సిస్టర్ ఫిలోమినా చదివి నవ్వలేదు,
కొట్టెయ్యమనలేదు.
“యారాలును లోపలికి రమ్మను” అన్నది,
ఎదురుంగ నిలబడ్డ ఓదెమ్మనే చూసుకుంట.

ఓదెమ్మ పోయేముందు
మూడుసార్లు చేతులు కడిగింది.
మిర్చి ఏరిన చేతులు సబ్బుకు లొంగవు.
రాత్రి మనుమరాలి బుగ్గ ముట్టుకుంటే
పోరి తెల్లార్లు ఏడ్చిందని
గోడకు చెప్పినట్టు చెప్పింది.

చీర వెనకనుంచి మాటలు.
ఎన్నేండ్ల సంది?
చిన్నోడు పుట్టినప్పటి సంది.
చిన్నోనికి ఎన్నేండ్లు?
లారీ నడుపుతడు.

గర్భసంచి తీసేస్తమని హన్మకొండల
ముప్పై ఐదు వేలు చెప్పిండ్రట.
రెండు క్వింటాళ్ల తేజ మిర్చి.
తోట కౌలుది.

సిస్టర్ అరచేతిల రబ్బరు రింగు,
చిన్నపిల్ల గాజు లెక్క, మెత్తగ.
“కోత లేదు. ఇది లోపల ఆపి పట్టుకుంటది.
మూడు నెలలకోసారి వస్తం,
తీసి, కడిగి, మళ్ల పెడతం.”

“మీరు రాకపోతే?”

అప్పుడు బయట ఎవరిదో బండి స్టార్టయిన చప్పుడు,
లోపల ఏమీ లేదు.
నాకు తెలుసు.
పోయినేడు పైసలు రాక
మార్చి క్యాంపు పడలేదు.
ఆ నెల రిజిస్టరు
తెల్లగనే ఉన్నది బీరువల.

“నీకే నేర్పుత” అన్నది సిస్టర్,
“తీసుడు, పెట్టుడు.
మిర్చి ఏరిన నాడు మాత్రం ముట్టకు.”
మళ్ల నీళ్ల చప్పుడు.
చాలాసేపు.

బయటికొచ్చినప్పుడు ఓదెమ్మ చేతిల
గ్లౌజుల పొట్లం, కొంగులకు పోతున్నది.
నా బల్ల కాడ ఆగింది.
గడి వంక చూడలేదు, కొట్టెయ్యమనలేదు.

“బిడ్డా, ఇంకో రింగు ఉంటదా?
మా యారాలికి.”

నేను పెన్ను తియ్యలేదు.

“ఈసారి నిజంగనే.
కట్టమ్మ ఆమె పేరు.
ట్రాలీ ఆటోల కూసున్నది,
దిగనంటున్నది.”