బిల్లు వెనక బాలి

నెలకోసారి, జీతం పడ్డాక వచ్చే ఆదివారం
మేం ఐదుగురం ఒకే ఆటోలో ఇరుక్కుని
పర్లాకిమిడి బస్టాండు పక్కన
ఏసీ ఫ్యామిలీ సెక్షన్ మెట్లెక్కుతాం.
పద్దెనిమిది మెట్లు.
మా అత్త అసిరమ్మ తొమ్మిదో మెట్టు దగ్గర ఆగి
"ఇంటికాడ ఉలవచారున్నాది కదే" అంటుంది, ప్రతిసారీ.
ఎవరం వెనక్కి తిరగం.

ఏసీ పేరులోనే ఉంది.
పరదా లాగిన కేబిన్లో, ఫ్యాను కింద
మెనూకార్డు ఒక పక్క ఒడియా, ఒక పక్క ఇంగ్లీషు.
తెలుగెక్కడా లేదు,
ఆర్డరు తీసుకునే కుర్రాడి నోట్లో తప్ప.
జోగి అట వాడి పేరు, కాశీనగరం.
మా ఆయనతో ఒడియాలో మొదలెట్టి
మా అత్తని చూడగానే
"ఏటి తెమ్మంటావు మామ్మా" లోకి దిగిపోయాడు.

జాస్మిత ఫోన్లో బాలి తెరిచింది.
పోయిన నెల శ్రీలంక. ఆ ముందు నెల థాయిలాండు.
ఒక్కో దేశానికీ ఒక్కో చిల్లీ చికెన్ ఖర్చయింది మాకు.
"నాన్నా, మన యాభై నాలుగు వేలు
అక్కడ కోటి!"
మా ఆయన గున్నేశ్వర్రావు,
సహకార బ్యాంకులో ఇరవై రెండేళ్లుగా
పరాయివాళ్ల సున్నాలు లెక్కబెట్టిన మనిషి,
నోట్లో ముద్ద నోట్లోనే ఉంచుకుని
"ఎంతా?" అన్నాడు.
అప్పటికప్పుడు పనీర్ ముప్పై వేలయింది.
నీళ్ల సీసా నాలుగు వేలకి దగ్గర.
బుడ్డోడు చెంచా కింద పడేసి
"ఇది ఎన్ని వేలే?" అన్నాడు.
కోటీశ్వరులం పగలబడి నవ్వుకున్నాం,
ఒక ఫ్రైడ్ రైస్ ముగ్గురం పంచుకుంటూ.

నవ్వు ఆగాక పాస్‌పోర్టుల సంగతొచ్చింది.
మా అత్త రేషన్ కార్డులో అసిరి అమ్మా,
ఆధార్లో ఆసిరిమా,
బ్యాంకు పుస్తకంలో, కొడుకు చేతి రాతలోనే, అశ్రమ్మ.
గేదెల వారు ఒడియా అక్షరాల్లోంచి బయటపడేసరికి
గెడెలా అయ్యారు.
పుట్టిన తేదీ అడిగితే
"గాలివాన యేడు, కోతలకి ముందు" అంది.
ఫారంలో ఆ గడి ఎంతుంటుందో
జాస్మిత రెండు వేళ్లతో చూపించింది.
"నేను రాన్రా, మీరెల్లండి.
నా కన్నోరిల్లు ఏరు దాటితే పాతపట్నం.
పెళ్లైన కాణ్ణించీ పరదేశంలోనే ఉన్నాను.
ఇంక కొత్తగా ఏటి చూస్తాను?"

సోంపు గిన్నె వచ్చింది,
పంచదార పలుకులు ఎక్కువ, సోంపు తక్కువ.

నేను బిల్లు వెనక రాసుకుంటున్నాను.
టిక్కెట్లు.
ఆవకాయ సీసాలోనా, పాకెట్లోనా.
కుళాయి వచ్చే వేళకి నీళ్లు పట్టమని ఎవరికి చెప్పాలి.
భువనేశ్వర్లో రాత్రి పడుకోడానికి చిన్నాడబిడ్డ ఇల్లు
(ఇప్పుడు ఆవిడతో మాటలున్నాయో లేదో కనుక్కోవాలి).
బుడ్డోడి వాంతులకి నిమ్మకాయలు. విమానంలో రానిస్తారా?

జాస్మిత మామ్మ పక్కకి జరిగింది.
"మా బళ్లో చెప్పారు మామ్మా,
వెనకటికి ఇక్కడి షావుకార్లు ఓడలేసుకుని
వెళ్లింది బాలికేనట.
కార్తీక పున్నమికి మనం వదిలేది ఆ ఓడలే."

మా అత్త చెయ్యి సోంపు గిన్నెలోనే ఆగింది.
నలభై ఆరేళ్లుగా
తెల్లారకముందే చన్నీళ్లు పోసుకుని
మహేంద్రతనయలో మోకాలి లోతు దిగి
అరటిడొప్పలో తమలపాకు, వక్క, వత్తి పెట్టి
చీకట్లోకి తోస్తోంది ఆమె.
ఎక్కడికెళ్తాయని ఎవర్నీ అడగలేదు.
వంతెన దాటాక రాళ్ల దగ్గర
అన్నీ కుప్పగా చిక్కుకుంటాయని నాకు తెలుసు.
పొద్దున పాలకి వెళ్తూ చూస్తాను.
ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

"అంటే ఇన్నాళ్లూ నేనంపినవన్నీ
అక్కడికేనేటి?"
"ఊ."
"ఒక్కటైనా చేరిందో నేదో."

అంతే. మళ్లీ మాట్లాడలేదు.
బయటికొచ్చేటప్పుడు, కడ్డీ పట్టుకుని దిగుతూ,
ఏ మెట్టు మీదో నేను లెక్కపెట్టలేదు,
"ఒరే గున్నా,
ఆ పేరేదో అన్నిట్లోనూ ఒక్కలాగ రాయించరా" అంది.

ఆటోలో బిల్లు మడిచి పర్సులో పెట్టుకున్నాను.
అటువైపు ఏడొందల ఎనభై,
ఇటువైపు నిమ్మకాయల దగ్గర ఆగిపోయిన బాలి.
ఇంటికొచ్చి ఉలవచారు వెచ్చబెట్టాను.
ఐదుగురమూ మళ్లీ తిన్నాం.