నల్ల అట్ట

మెళియాపుట్టి సంతలో టేకాకుల మీద
ఏడు కుప్పలు పోసుకుని కూర్చుంది సవర చిలకమ్మ.
కుప్ప నలభై. బేరం లేదు.
రాత్రి ఉరిమింది కాబట్టి పుట్టకొక్కులు.
ఉరమకపోతే ఆమె కొండ దిగదు.

"పైన ఇంకా ఉన్నాయా?" అన్నాను.
"ఉన్నాయి. ముసిలివి ఒగ్గీసినాను.
గొడుగు బాగా ఇచ్చుకుని అంచులు సిరిగినవి.
అవి దులుపుకోవాల కదేటి, పంతులమ్మా?"

ఏం దులుపుకోవాలో ఆమె చెప్పలేదు.
పదకొండేళ్లుగా పదో తరగతికి చెబుతున్న మాట
నా నోట్లోనే ఉండిపోయింది:
సిద్ధబీజాలు.

ఇంటికొచ్చి ఒకదాని కాడ తుంచి
పాత హాజరుపట్టీ నల్ల అట్ట మీద బోర్లించాను.
గాలి తగలకుండా పైన స్టీలు గిన్నె.
రాత్రంతా వాన, కరెంటు లేదు.
రెండుసార్లు లేచి గిన్నెకి చెవి ఆనించాను,
ఎందుకో నాకే తెలీదు.

తెల్లారి ఎత్తి చూస్తే
సన్నటి గీతలు గీతలుగా ఒక చక్రం.
ముగ్గు ఉంది, వేసిన చెయ్యి లేదు.
మీగడలో చిటికెడు కుంకం కలిసిన రంగు.
లెక్కపెట్టబోయి, నవ్వొచ్చి, మానేశాను.

బడికి పట్టుకెళ్లాను, పళ్లెంలో పాయసంలా
రెండు చేతుల్తో, ఊపిరి బిగబట్టి.
పక్కనే టిఫిన్ డబ్బాలో
నల్లచుక్కల బూజు పట్టిన బ్రెడ్డు ముక్క.

చివరి బెంచీలోంచి, ఏనాడూ నోరిప్పని ఈశ్వరి:
"మేడం, ఈటికి అమ్మా నాన్నా ఎవులు?"
"బూజుకైతే ఒక్కరే."
"ఒక్కలే సాల్తారా?"
"చాలు. ఆ ఒక్కరిలోనే తయారై రాలతాయి."
"మరి కొక్కుకి?"
"మట్టిలో ఎక్కడో రెండు దారాలు కలుస్తాయి.
ఏది అమ్మో ఏది నాన్నో
ఎవరూ రాసుకోరు."

సిలబస్‌లో లేదు ఆ చివరి మాట.

జూన్‌లో ఆమె ఫారం మీద ఒక గడి ఖాళీగా ఉందని
మూడుసార్లు వెనక్కి పంపింది నేనే.
మూడోసారి వాళ్లమ్మ వచ్చి
గుమ్మం దగ్గరే నిలబడి వెళ్లిపోయింది.

పిల్ల ముందుకొచ్చింది. వంగి చూసింది.
నేను వద్దనేలోపు
ఉఫ్ అని ఊదింది.

క్లాసంతా అరిచింది. అట్ట నల్లగా మిగిలింది.
కిటికీ తెరిచే ఉంది, బయట వాన వెలిసిన ఎండ,
ఆ ఎండలో ఒక్క క్షణం పొగలాంటిది కనబడి
తర్వాత కనబడలేదు.

కొంత నా చీర కుచ్చిళ్ల మీద పడింది.
సాయంత్రం దాకా దులుపుకోలేదు.
తనాయ వంతెన దాటాక, కొండ వైపు గట్టు మీద
ఆటో ఆపమన్నాను.