గాలి కోసం చాట

గాలి రాలేదింకా.
చాట నడుముకానించుకుని నిలబడుకోనుంది కదిరమ్మ.
ఇస్కూలు వెనక బండ మీద
రెండు గోతాల నారేపి కాయలు.
మూడేండ్లకో నాలుగేండ్లకో కాసే చెట్టు
ఈ యేడు మనసు పెట్టింది.

గుట్ట పైన మాత్రం గాలిమరలు తిరగతానే ఉండాయి.
"పైగాలంతా వాళ్ళు కొనుక్కుండారు లే,
కిందికి దిగల్లంటే రసీదు కావాలేమో"
అంటాది. నవ్వదు.

నేను నోటుబుక్కు పట్టుకుని కూచున్నా.
గింజ పేరు. ఏరిన తేదీ. ఎక్కడ. చెట్లెన్ని.
ఆఖరి గడి దగ్గర పెన్ను ఆగింది.
గొర్లగుట్ట వాలున పదిహేడుండె.
మర రెక్కను మోసుకొచ్చే పొడుగు లారీ
మలుపు తిరిగేదానికి
పదకొండు పాయె.
ఆరు, అని రాసినా.

కదిరమ్మ ఒక కాయ ఎత్తి చూపించింది:
పల్చటి ఎండు రెక్క, కొనన ఒకే గింజ.
"ఇదీ తిరగతాది, చూడు."
ఊదింది.
గిరగిరా వచ్చి నా పుస్తకంలో పడింది.

ఎండకేస్తే లోపలి పాప ఉడికిపోతాదంట, నీడే కావాలంట.
పంటి కింద టక్కుమంటే ఆరినట్టు,
మెత్తగా దిగితే ఇంకో రెండు దినాలు.
పురుగు తొలిచినవి కోళ్ళకు.
వేపకు ఓపిక లేదు, నెల తిరిగితే పేరే మిగుల్తాది.
రేలది మొండితనం,
పదేండ్లయినా సలసల కాగే నీళ్ళు పోస్తే గానీ లెయ్యదు.
నీళ్ళలో తేలిన గింజల్ని
రవ్వంతసేపు చూస్తాది,
ఏమీ అనదు, పారబోస్తాది.

మూడు దాటినాక వచ్చింది గాలి,
వంక పక్క నుంచి, దుమ్ముతో, మేకల వాసనతో.
చాట లేసింది.
ఆకూ పొల్లూ నా నెత్తిన పడినాయి.
గట్టివి ఆమె కాళ్ళ దగ్గరే రాలినాయి.

రెక్కలు నలిపి, హార్లిక్సు సీసాలకు పోసి,
పైన పిడికెడు జల్లించిన బూడిద.
చీటీ అంటించబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
చదువు రాదు ఆమెకు.
నారేపి నార రెండు చుట్లు సీసా మెడకు చుట్టి
"ఇంగ దీనికి పేరెందుకు?" అనింది.
చీటీ నా జోబీలోనే ఉండిపాయె.

రాత్రి పుస్తకం తెరిస్తే
కాయ అక్కడే ఉంది, రెక్కతో సహా,
ఆరు పక్కన.
కిటికీ తెరిచే ఉంది.
ఎగరకుండా
వేలు పెట్టి పట్టుకున్నా.