గుర్తుకు రాకముందే

జుబైల్‌ల షట్‌డౌన్, పదకొండో రాత్రి.
గ్యాసు లైను పక్కన అగ్గిపుల్ల గీకితే
నౌకరి పోతది, అంతకన్న ముందు పానం పోతది.
వెల్డింగు బంద్.
అందుకే ఈ కడియం తెచ్చిన్రు
పొగలు కక్కే సలిపీపాల ముంచి,
బాలింత గదిలకెళ్లి పసిగుడ్డును తెచ్చినంత పైలంగ.

ఇంజనీరు హిబా పొద్దుగాలనే చెప్పింది,
సగం హిందీల, సగం చేతులతోటి:
నికెలు, టైటానియం కలిపి
కొలిమిల ఒక ఆకారం నేర్పిన్రు దీనికి.
సలిల గుంజి వెడల్పు చేసి మరిపించిన్రు.
వేడి తాకితే యాదికొస్తది.
యాదికొస్తే బిగుస్తది.
బిగిసినంక ఇప్పుడు ఎవ్వని తరం కాదు.

మా మొకాలు చూసి
సంచిలకెళ్లి సన్నతీగ ఒకటి తీసిచ్చింది.
లింబాద్రి దాన్ని జిలేబి లెక్క మెలిపెట్టిండు
(బీడీలు చుట్టిన తల్లి వేళ్లే వానియి)
సులేమాని చాయ్ గిలాసల ఇడిచిండు.
తీగ ఒక్కసారి ఒళ్లు ఇరుసుకొని
సక్కగ నిలబడ్డది,
హాజరు పిలిస్తే లేచిన పోరని లెక్క.
చాయ్ చిందింది. ఎవ్వలం నవ్వలేదు.
మళ్ల మెలిపెట్టిండు, మళ్ల వేసిండు.
ఏడుసార్లు.
ఎనిమిదోసారికి చాయ్ సల్లారింది,
అది మెలికలల్లనే పండుకున్నది.

"ఎన్నిసార్లు యాదికుంటది మేడం?"
"వేలసార్లు," అన్నది హిబా.
కొంచెం ఆగి, "తర్వాత అలిసిపోతది."

ఇప్పుడు రాత్రి రెండు, ముప్పై ఎనిమిది డిగ్రీలు.
దరియా మీదికెళ్లి ఉప్పు ఉక్క.
పద్నాలుగేండ్లు ఈ వేడిని తిట్టని దినం లేదు,
ఇయ్యాల అదే మాకు నాలుగో హెల్పరు.
రెండు పైపుల మూతులు ఎదురుబొదురు.
కడియం నా మందపు గ్లౌజులల్ల,
దానికి యాదికొచ్చేలోపు ఎక్కియ్యాలె.
ఫోర్‌మన్ వర్కిచ్చాయన్ లెక్కబెడుతున్నడు:
ఒన్ను, రండు, మూన్ను...
జరంత వంకరైతే తీసుడనేది లేదు.
తోసిన. తిప్పిన. గీత మీదికి తెచ్చిన.
చేతులిడిచిన.
మంచు కరిగి కడియం నిండ చెమట.
సప్పుడు లేదు, నిప్పురవ్వ లేదు.
లోపల్లోపల ఏదో సర్దుకున్నది.
గుంజి చూసిన,
గుట్టను గుంజినట్టున్నది.

చాయ్ బ్రేకుల వర్కిచ్చాయన్
ప్యాంటు మీదికెళ్లే తొడ మీద చెయ్యేసి అన్నడు:
"ఇక్కడా ఒకటున్నది. పోయినేడు దమ్మాంల ఏసిన్రు.
ముడిచి సన్నగొట్టంల పంపితే
నా నెత్తురు వేడికే విచ్చుకున్నదట."
మేము పెట్టింది వేడికి ముడుసుకుంటది.
ఆయనది వేడికి విచ్చుకుంటది.
లోహం ఒక్కటే, నేర్పిన పాఠం వేరు.
ఆయన నడుస్తుంటే ఆ కాలు దిక్కే చూసిన చాలాసేపు.

హిబాను ఒకటి అడగాలనుకున్న:
కొలిమిల పెట్టకముందు దానికేమన్న ఆకారముండెనా,
అది ఎన్నడన్న యాదికొస్తదా అని.
ఆమె కాగితాల మీద సంతకాలు పెడుతున్నది.
నా హిందీ అంతదూరం పోదు.

తెల్లారంగ క్యాంపు బస్సు.
అందరు మెడలు వాల్చి నిద్ర.
లింబాద్రి ఒక్కడే మేల్కొని ఉన్నడు.
తీగను తిరిగి ఇయ్యలేదు వాడు.
దాన్ని వంచి వంచి ఒక అక్షరం చేసిండు,
ఎవ్వలి పేరుల మొదటిదో నేనడగలేదు.
అద్దంలకెళ్లి ఎండ మోకాళ్ల మీదికి వస్తుంటే
చెయ్యెత్తి ఏసీ గాలికి అడ్డంపెట్టి పట్టుకున్నడు,
జుబైల్ నుంచి క్యాంపు దాక, నలభై నిమిషాలు,
చెయ్యి మార్చి చెయ్యి.

బస్సు ఆగింది.
డ్రైవరు తలుపు తెరిచిండు.