పూత మీద

నవంబరు ఇరవై ఎనిమిది.
మునిసిపాలిటీ ఖాతాలో మిగులు
మూడువేల నూటపదహార్లు.
పెళ్ళిలో చదివించినట్టు, అచ్చంగా.
నవ్వొచ్చింది. నవ్వలేదు.

కమిషనరు సారు కాగితం ముందుకు తోసినాడు.
"అప్పు అనబాకమ్మా, చేబదులు.
మార్చిలో ఇంటిపన్ను వస్తాది గదా,
నాలుగు నెలలు, అంతే."
ఇంకా మొలవని పన్నుతో కొరకమంటాడు.
చిత్తూరు మొత్తానికీ చిగుళ్ళ నొప్పి.

మా నాయన గుర్తొచ్చినాడు.
బంగారుపాళ్యం పక్కన ఆరెకరాల తోతాపురి.
జనవరి మంచులో పూత తేలంగానే
మండీ ఏజెంటు మోటారుసైకిలు దిగేవాడు,
కొమ్మల కింద తల పైకెత్తి
లేని కాయల్ని లెక్కబెట్టేవాడు.
తుండుగుడ్డ కింద ఇద్దరి వేళ్ళూ
మా ఏడాదిని తడుముకునేవి.
ఆ డబ్బు పూత రాలకముందే అయిపోయేది.
తేనెమంచు పురుగు పడిన ఏడు
కాపు పోయింది, బాకీ మిగిలింది.
"ఈసారి వాడిది, వచ్చే ఏడు మనది" అన్నాడు నాయన.
వచ్చే ఏడు కూడా అదే మాట.

ఇప్పుడు బ్యాంకులో నేను కూచోనుండాను,
వార్డు వార్డునా పూత చూపిస్తా.
మేనేజరు షణ్ముగం కళ్ళద్దాలు తుడుచుకుని అడిగినాడు:
"నిరుడు ఎంత రాలింది?"
నూటికి ముప్పైనాలుగు.
మామిడిగుజ్జు ఫ్యాక్టరీ మూతబడి ఆరేళ్ళు,
గేటు లోపల తుమ్మచెట్లు మొలిచినాయి,
దాని పన్ను మాత్రం
డిమాండు రిజిస్టరులో పచ్చగా ఉండాది.
దాన్నీ రాబడిలో కలిపినాము.
కలిపినాము కాదు.
కలిపింది నేను.

వడ్డీకి మంచు తెలీదు, పురుగు తెలీదు,
ఆదివారాలు కూడా కాస్తాది.

మూడో తేదీ జీతాలు పడినాయి,
చెత్తబండ్ల వాళ్ళకి మూడు నెలలవీ ఒక్కసారే.
ఆ రాత్రి నాకు నిద్రపట్టింది, అబద్ధమెందుకు.

నాలుగో తేదీ పొద్దున్నే దేశమ్మ
కౌంటరు కాడికొచ్చింది.
చీపురు గోడకి ఆనించి, కొంగుముడి విప్పి
ఇంటిపన్ను కడతానంది. ఏడువందల ఎనభై.
"మార్చిదాకా గడువుండాదిలే" అన్నాను.
"గడువుంటాదిమ్మా, దుడ్డుండొద్దా" అనింది.

కొత్త నోట్లు. బ్యాంకు వాసన పోలేదు.
ఏ ఏడువందల ఎనభై వస్తాదని చెప్పి
వీటిని తెచ్చినామో
ఆ ఏడువందల ఎనభై ఇవే.
రాస్తావుంటే పెన్ను ఆగింది,
ఇది వసూలా, వాపసా?
వసూలు అని రాసినాను. ఆ గడే ఉండేది.

దేశమ్మ రసీదు నాలుగు మడతలు పెట్టింది,
దుడ్డు విప్పిన కొంగుచివరనే
దాన్ని ముడేసుకుని
చీపురు తీసుకుని పోయింది.