పావు దినారు పాట

బేరాలు ఎట్లుండాయి పెంచలయ్యా అని
ఇస్త్రీ అంగడికి బట్టలేసే ప్రతివాడూ అడుగుతాడు.
ఉండాయిలే అంటా.
జూన్ నెలలో జలీబ్ ఉన్నట్టే ఉండాయి:
గాలాడదు, ప్రాణమూ పోదు.

శుక్రవారం సంతలో తెల్లారకముందే
టార్చిలైటు పట్టుకోని ఏరుకొస్తా.
మూతి సొట్టపోయిన గావా చెంబు,
ఒంటికన్ను బైనాక్యులరు,
ఎవరి పెండ్లిదో తెలియని ఖాళీ ఆల్బం,
తిరగని గడియారం.
పొద్దు గుంకే ముందు మిద్దె మీద పెట్టి
ఫోటో తీస్తా.
ఆ పది నిముషాలూ కువైట్‌లో తుప్పు కూడా బంగారమే.
ఫోటోలో మెరిసింది, చేతికొస్తే మెరవలేదని
హవల్లీ నించి ఒకాయమ్మ రెండే చుక్కలిచ్చింది.
ఏం చెప్పేది?
నేనూ ఫోటో చూసే వచ్చినా ఈ దేశానికి.

మా ఊర్లో చింతకాపు వేలం పాడేటప్పుడు
గొంతులుండేవి.
చావిడి కాడ ఒకటోసారి అంటే
ఎవడో దగ్గేవాడు,
ఆ దగ్గు కూడా పది రూపాయలు.
రెండోసారి అనేలోపల
బావా బామ్మర్దులు పగవాళ్లయ్యేవాళ్లు.
ఇక్కడ పాటకు గొంతు లేదు.
పావు దినారు, పావు దినారు,
అంకె మీదికి అంకె చీమ మాదిరి ఎక్కి
మధ్యలో నిద్రపోతుంది.
గెలిచినోడు జహ్రా నించి సలాం పెడతాడు,
ఇదిగో వస్తాండా అంటాడు,
ఆపైన వాడూ వాని నెంబరూ ఎడారిలో కలిసిపోతాయి.
గావా చెంబు ఇప్పటికి మూడుసార్లు అమ్ముడుపోయి
నా తలకాడనే ఉండాది.

పోయిన నెల పదకొండు పెట్టినా, నాలుగు పోయినాయి.
బస్సుకు, అట్టపెట్టెలకు, టేపుకు పోను
ఆరు దినార్ల మూడువందల యాభై ఫిల్సు.
వచ్చిన దుడ్డు కంటే
ఆఖరి నిముషంలో గుండె కొట్టుకున్నదే ఎక్కువ.

ఒక మాట ఎవరికీ చెప్పలేదు.
ఎవరూ పాడని నా సామాన్ల మీద
ఒకడు మాత్రం పాడతాడు.
పేరు లేదు, పావురం బొమ్మ.
ఆఖరి ఇరవై సెకన్లలో వాలి
పావు దినారు పెంచి,
మీద ఇంకెవడన్నా పాడితే గమ్మున ఎగిరిపోతాడు.
రెండుసార్లు వాని మీదనే పాట కొట్టేసింది.
ఎవరో మలయాళీ పిల్లోడు దుడ్డిచ్చి సామాను పట్టకపోయినాడు.

ఒక రాత్రి పై మంచం మీద పండుకోని
పాట చూస్తాంటే
కింది మంచం దుప్పట్లో వెలుతురు.
పావు దినారు పెరిగింది.
వెలుతురు ఆరింది.
దస్తగిరి.
పొద్దంతా సిమెంటు మోసి
గురక పెట్టాల్సిన మనిషి.

తిరగని గడియారం వాని చలికోటు మడతల్లో ఉండాది.
తిరగదు కాబట్టే
ఇన్నాళ్లూ నాకు వినపడలేదు.
నేను అడగలేదు. వాడు చెప్పలేదు.

ఇప్పుడు వానికి సెలవు దొరికింది, పెట్టె లేదు.
ఊరికే ఇస్తే ముట్టడు, వాని రోషం నాకు తెలుసు.
అందుకే సూట్‌కేసు ఒకటి పాటకు పెట్టినా.
ట్యూబులైటు ఆపి మసకగా ఫోటో తీసి,
పాతది, ఒక చక్రం మొండికేస్తుంది,
జిప్పు మీద నమ్మకం లేదు అని రాసినా.
కొత్తదే. రేటు చీటీ నేనే చింపినా.
చుక్కలు పోతే పోనీ.

పావురం వాలింది, పావు దినారు.
హమ్మయ్య అనుకునేలోపల
ఫహాహీల్ నించి ఎవడో అర అన్నాడు.
ముప్పావు. ఒకటి. ఒకటింబావు.
మూడు నెలలుగా తొంగి చూడనోళ్లు
ఈ రాత్రే నిద్ర లేచినారు.
పై మంచం మీద నేను
నా బేరం చెడిపోవాలని మొక్కుతాండా,
గొంతు లేకుండా, రెండోసారి, రెండోసారి అని
అక్కడే ఆగిపోయి.
కింద దుప్పట్లో వెలుతురు
ఆరుతుంది, వెలుగుతుంది, ఆరుతుంది.

ఇంకా పదకొండు సెకన్లు.