ఆయ్

మా వైపు ఆయ్ అంటే ఔననే కాదండి.
విన్నానని. రండి, కూర్చోండని.
మీరు పెద్దోరు, మీతో నాకెందుకని.
పంటు మీద టిక్కెట్లు చింపే నేను
రోజుకి నాలుగొందలసార్లు అంటాను ఆ మాట,
సఖినేటిపల్లి నుంచి నర్సాపురానికి,
నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి,
వశిష్ఠ నడిమధ్యలో ఒక్కోసారి
ఎవరితో అంటున్నానో చూసుకోకుండా కూడా.

ఆ రాత్రి జీపెక్కించి తీసుకెళ్లి
నేలపూడి దైవసహాయం ఇంటి అరుగు మీద నిలబెట్టారు.
"మధ్యవర్తివి నువ్వు. అంతా చూశావు కదా?"

చూశాను.
రొయ్యల చెరువుల్లో గాలిచక్రాలు తిప్పే టైమరు ఒకటి,
ఎర్ర వైరు రెండు చుట్టలు,
కాలవల పటం, పెన్సిలు చుక్కలతో.
చుక్క పెట్టిన చోటల్లా చెరువుల మురుగు
తాగే నీళ్లలో కలుస్తోందని
అంతకుముందేడాది కలెక్టరుకి అతనిచ్చిన అర్జీ.
దాని నకలూ ఆ బల్ల మీదే ఉంది.
అదొక్కటీ జాబితాలో రాయలేదు.

టైమరు పైకెత్తి అడిగారు, ఇదేంటో తెలుసా అని.
తెలుసు. మా బావమరిది చెరువు మీద అలాంటివి ఆరున్నాయి.
"బాంబుది," అన్నాడాయన.
ఆయ్, అన్నాను.
తెల్లకాగితం అడుగున సంతకం పెట్టాను.
రేవులో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు అన్నాను,
ఎవరూ అడక్కుండానే.

తెల్లారేసరికి టీవీలో మా ఊరి పేరు
తప్పుగా పలుకుతున్నారు.
ఆ వారం లంకలో కొబ్బరి దింపేవాడు
చెట్టు మీంచి కొత్త మనిషిని చూసి కేకేశాడు.
పాపం, ఆ వచ్చినోడు కరెంటు బిల్లులవాడు.
దైవసహాయం బాగుచేసిన చక్రాల్ని
ముట్టుకోడానికి భయపడి రైతులు ఆపేసుకున్నారు.
మూడోరాత్రి గాలందక రొయ్యలు
మీసాలు నీటి పైకి పెట్టి గట్టువారకి చేరాయి.
అతనుంటేనా, అని ఒక్కరూ అనలేదు.
టార్చిలైట్లు వేసుకుని చూస్తూ నిలబడ్డారు.

వకీళ్ల సంఘం తీర్మానం చేసింది,
అతని తరఫున ఎవరూ నిలబడకూడదని.
పాలకొల్లు నుంచి ఒక్కావిడ, పేరాబత్తుల హైమవతి గారు,
వకాల్తా వేశారు. ఆ వారమే
ఆవిడ స్కూటీ సీటు బ్లేడుతో కోసేశారెవరో.
దాని మీద తువ్వాలు పరుచుకుని తిరుగుతారిప్పటికీ.
ఒకసారి పంటు మీద చెప్పారు:
తొంభై రోజుల గడువుని నూటఎనభై చేయించుకున్నారట,
నూటడెబ్భైతొమ్మిదో రోజున చార్జిషీటు వేశారట,
ఆ కాగితాలు పైకి నిజమనిపిస్తే చాలు, బెయిలు రాదట.
"నిజమో కాదో తేలేది విచారణలో.
విచారణ మాత్రం మొదలవదు."
ఏ కాగితాలండీ, అన్నాను.
"మధ్యవర్తుల నివేదిక," అన్నారు, చిల్లర పర్సులో వేసుకుంటూ.
నేనెవరో ఆవిడకి తెలుసో లేదో.

నాలుగేళ్లు.
ఎస్తేరు నెలకి రెండుసార్లు పంటెక్కుతుంది
నర్సాపురంలో రైలందుకోడానికి.
రాజమండ్రి జైల్లో ములాఖత్ పావుగంట.
లోపలికి పోనివ్వరని తెలిసీ తేగల కట్ట తీసుకెళ్తుంది.
తిరుగు పంటు మీద పిల్లలెవరైనా ఉంటే పంచేస్తుంది.
టిక్కెట్టు డబ్బులు నా చేతిలో పెట్టదు.
బల్ల మీద పెడుతుంది.

నిన్న సమను వచ్చింది. సాక్షి నంబరు రెండు.
పోలీసాయన ఫోను చేసి నెమ్మదిగానే అన్నాడు,
"ఉన్నదున్నట్టు చెప్పు. కాగితంలో ఉన్నదున్నట్టు."
ఆయ్, అన్నాను.
చెప్పకపోతే ఎదురు తిరిగిన సాక్షంటారట.
పోటు మీదున్న రోజున మా పంటు ఎదురు తిరిగే నడుస్తుందండి,
ముక్కు వారగా పెట్టి, జారుకుంటూ, కాస్త ఆలస్యంగా.
అవతలి రేవు ఎక్కడికీ పోదు.

ఇవాళ ఎస్తేరు ఎక్కింది.
డబ్బులు బల్ల మీద పెట్టి
మొదటిసారి నా మొహంలోకి చూసింది.
"ఆ కాగితం మీద, మీరు సంతకం పెట్టేటప్పటికి
ఏవైనా రాసుందా?"

ఇంజను మోత. మోటారుసైకిళ్లు, ఒక గేదె, పెళ్లివారి వ్యాను.
అలవాటుగా ఆ మాటే నాలిక మీదికొచ్చింది.
మింగాను.
"లేదమ్మా," అన్నాను.
పక్కనున్న తాపీమేస్త్రి తిరిగి చూశాడు.
"లేదు," అన్నాను మళ్లీ, అతనికి కూడా వినపడేలా.